పేరు విత్తనానిది... తీరు నేలది!

అరకు కాఫీకి ఓ పరిమళం ఉంది. బంగినపల్లి మామిడికి ఓ రుచి ఉంది. మరి అనంతపురం చెనక్కాయకి? దానికో ఓపిక ఉంది! వాన కోసం నెల రోజులైనా ఎదురుచూసే ఓపిక. అయితే ఆ ఓపిక అన్ని రకాలకీ ఒకేలా ఉండదు. పొరుగు జిల్లాలో బస్తాలకు బస్తాలు పండిన విత్తనం ఇక్కడికొచ్చి చతికిలపడొచ్చు. అక్కడ ఎవరూ పట్టించుకోని విత్తనం ఇక్కడ ఇంటిల్లిపాదినీ గట్టెక్కించొచ్చు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో వేరుసెనగ రకాలు ఎలా నెగ్గాయి, ఎలా ఓడాయి... ఆ కథే ఇది.

నైరుతి గాలి హోరుమని వీస్తుంటుంది. మబ్బులు గుంపులు గుంపులుగా వస్తుంటాయి. వచ్చినవి వచ్చినట్టే తూర్పుకి వెళ్లిపోతుంటాయి. దుక్కి దున్నిన ఎర్రనేల వాటికేసి చూస్తూ ఉండిపోతుంది. ఇంట్లో విత్తనాల మూటలు సిద్ధంగా ఉంటాయి. ‘ఒక్క పదును వాన పడితే చాలు’ అనుకుంటూ ఇంటాయన అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తుంటాడు.

అనంతపురం పల్లెల్లో జూన్‌ ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఏటా కనిపించే దృశ్యమిది. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి... ఒక్కో కార్తె దాటిపోతుంటే ఆ ఇంట్లో లెక్కలు మారిపోతుంటాయి. ఎందుకంటే వేరుసెనగ వేయడమంటే గుప్పెడు గింజలు చల్లి రావడం కాదు. ఎకరాకి యాభై, అరవై కిలోల గింజ కావాలి. దాని ఖరీదు, దున్నకం, కూలి, ఎరువు... అన్నీ కలిపి ఒక్క వాన మీద నమ్మకంతో మట్టిలో పోయాలి. అందుకే ‘వాన ఎప్పుడొస్తుందో’ అన్న మాట తర్వాత ఆ అరుగు మీద వినిపించే రెండో మాట- ‘ఈసారి ఏ రకం వేద్దాం?’

దానికి జవాబు విత్తనాల సంచి మీద దొరకదు. సంచి మీద ఉన్న దిగుబడి అంకె సమయానికి తడి అందిన పొలంలో వచ్చినది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ‘వానొస్తే ఎంత పండుతుంది?’ అని కాదు, ‘వాన రాకపోతే ఎంత మిగులుతుంది?’ అని.

మబ్బులు దాటిపోయే నేల

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఇదొకటని పాఠాల్లో చదువుకుంటూనే ఉన్నాం. కారణం జిల్లా ఉన్న చోటు. పడమట కనుమలు అడ్డుపడి నైరుతి రుతుపవనాల తేమని తామే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలేమో తూర్పు తీరంలో కురిసి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడిపోతాయి. రెండు వానలకీ దూరమై మధ్యలో చిక్కిన పీఠభూమి ఇది. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయింది కానీ మబ్బులకి ఆ సరిహద్దు తెలీదు. రెండు చోట్లా కరవు ఒకటే.

అసలు చిక్కు వాన మొత్తంలో లేదు, పడే తీరులో ఉంది. ఏడాది వానలో సగానికి పైగా జూన్‌- సెప్టెంబరు మధ్యే పడుతుంది. అదీ ఒక వారం దంచికొట్టి, ఆపైన మూడు వారాలు మొహం చాటేస్తుంది. ఇక్కడి ఎర్రనేలలు చాలాచోట్ల లోతు తక్కువ. జానెడు, మూరెడు మట్టి కింద గరప తగులుతుంది. నల్లరేగడిలా నీళ్లని దాచుకునే గుణం వీటికి లేదు. రెండు వారాలు వాన లేకపోతే మధ్యాహ్నానికి మొక్క వాలిపోతుంది. ఆ ఎండు కాలాన్నే రైతు ‘బెట్ట’ అంటాడు. ఈ నేల మీదికొచ్చే ఏ విత్తనమైనా రాయాల్సిన పరీక్ష అదే.

పూసేది పైన... కాసేది కింద

ఆ పరీక్షలో వేరుసెనగ ఎలా నెగ్గుకొస్తుందో తెలియాలంటే ముందు మొక్క సంగతి కాస్త తెలుసుకోవాలి. విత్తిన పాతిక, ముప్ఫై రోజులకి పసుపుపచ్చని పూలు పూస్తాయి. పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి. ఆ తర్వాతే అసలు విచిత్రం. పూవు ఉన్న చోటు నుంచి సన్నని కాడ ఒకటి నేలకేసి దిగుతుంది. దాన్నే ‘ఊడ’ అంటారు. దాని కొస మట్టిలో దూరి, ఆ చీకట్లో కాయగా మారుతుంది. మట్టి గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. పైనే ఎండిపోతుంది. అందుకే ఊడలు దిగే వేళకి నేలలో తడి ఉండాలి.

మరి ఆ వేళకి వాన రాకపోతే? చాలా పంటలకి అది చావుదెబ్బే. జొన్నకో, మొక్కజొన్నకో కంకి వేసేది ఒక్కసారే. ఆ నాలుగు రోజులూ తప్పితే అంతే సంగతులు. వేరుసెనగ అలా కాదు. పూత విడతలు విడతలుగా వస్తూనే ఉంటుంది. బెట్ట తగిలితే ఆకుల్ని మడుచుకుని ఎండ సోకకుండా చూసుకుంటుంది. ఎదుగుదల ఆపేసి నిద్రపోతున్నట్టు ఉండిపోతుంది. వాన పడగానే మళ్లీ ఆకు విప్పి పూత మొదలెడుతుంది. పూతకి ముందు కొద్దిగా బెట్ట తగిలి, తర్వాత తడి అందితే పూలన్నీ ఒకేసారి వచ్చి దిగుబడి పెరగడాన్ని ఇక్రిశాట్‌ పరిశోధకులు తమ పరీక్షల్లో గమనించారు. అయితే గింజ గట్టిపడే చివరి నెలలో మాత్రం ఈ ఓపిక పనికిరాదు. అప్పుడు తడి లేకపోతే కాయ లోపల గింజ ముడుచుకుపోతుంది. లేదంటే పైకి కాయలా కనిపిస్తూ లోపల ఏమీలేని ‘లొట్ట’ మిగులుతుంది.

అంటే... మొదట్లో బెట్టకి ఓర్చుకోవాలి, మధ్యలో వానకి వెంటనే మేలుకోవాలి, చివర్లో బెట్ట రాకముందే కాపు ముగించుకోవాలి. ఈ మూడూ తెలిసిన రకమే ఇక్కడ రకం!

తిండివనం నుంచి వచ్చిన చుట్టం

ఆ మూడింటిలో కొంతైనా తెలిసిన రకం ఒకటి చాలాకాలం కిందటే వచ్చింది. పేరు టీఎంవీ-2. తమిళనాడులోని తిండివనం నూనెగింజల పరిశోధన కేంద్రం ‘గుడియాత్తం బంచ్‌’ అనే స్థానిక రకం నుంచి ఏరి, 1940లో విడుదల చేసింది. పందిరిలా పాకకుండా గుత్తిగా పెరిగే చిన్న మొక్క. నూరు, నూట అయిదు రోజుల్లో చేతికొచ్చేస్తుంది. గింజ చిన్నదే. అయితే పొట్టు పలచన, పప్పు ఎక్కువ.

ఒకప్పుడు అనంతపురం పొలాలంటే కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ. 1960ల తర్వాత వాటి జాగా కొద్దికొద్దిగా వేరుసెనగ ఆక్రమించింది. నూనె మిల్లులు పెరిగాయి, మార్కెట్‌ దొరికింది, చేతిలో రొక్కం ఆడింది. చివరికి జిల్లాలో 20 లక్షల ఎకరాల దాకా ఈ ఒక్క పంటే! ప్రపంచంలో మరెక్కడా ఒక్క జిల్లాలో ఇంత వేరుసెనగ చూడటం కష్టం. ఆ విస్తీర్ణంలో పెద్ద భాగం ఆరు దశాబ్దాలకు పైగా టీఎంవీ-2దే.

మధ్యలో కొత్త రకాలు రాలేదా అంటే వచ్చాయి. మహారాష్ట్రలోని జల్‌గావ్‌ నుంచి జేఎల్‌-24 వచ్చింది. ఇక్కడి కదిరిలోనే కదిరి-3 లాంటివి పుట్టాయి. అయినా పాత చుట్టం ఇల్లు ఖాళీ చేయలేదు. ‘రైతులు పాతకాలపు మనుషులు, కొత్తదాన్ని నమ్మరు’ అని అప్పట్లో తేల్చేసినవాళ్లూ ఉన్నారు. కానీ రైతు లెక్క రైతుకుంది. మంచి కాలంలో కొత్త రకం రెండు బస్తాలు ఎక్కువ ఇవ్వొచ్చు. కానీ అయిదేళ్లలో మంచికాలం ఎన్నిసార్లు? మిగతా ఏళ్లలో కాస్తో కూస్తో రాబట్టి, మళ్లీ విత్తనానికీ పశువుల మేతకీ లోటు రానివ్వనిదే అతనికి మంచి రకం. దాన్ని మొండితనం అనలేం. ఇంటి బడ్జెట్‌ తెలిసినవాళ్లెవరైనా చేసే పనే అది.

2000... ఓ హెచ్చరిక

ఇంత నమ్మకమైన చుట్టం కూడా చేతులెత్తేసిన ఏడాది ఒకటుంది. 2000 ఖరీఫ్‌లో జిల్లా అంతటా వేరుసెనగ మొక్కల చిగుళ్లు మాడి, కాండం నల్లబడి, చేలు నిలువునా ఎండిపోయాయి. మొదట ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత శాస్త్రవేత్తలు తేల్చిందేంటంటే అది వైరస్‌ వల్ల వచ్చే కాండం కుళ్లు తెగులు. గట్ల మీద తెల్లగా పూసే వయ్యారిభామ దానికి పుట్టిల్లు. ఆ పుప్పొడిలో ఉన్న వైరస్‌ని తామర పురుగులు మోసుకొచ్చి వేరుసెనగకి అంటించాయి. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని అంచనా.

పంట ఒక్కటే, ప్రధానంగా రకమూ ఒక్కటే అయినప్పుడు ఏమవుతుందో ఆ ఏడాది చూపించింది. గట్టు మీది కలుపు పీకేయడం, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేసి పురుగుకి అడ్డుగోడ కట్టడం రైతులకి అప్పట్నుంచీ చెబుతున్న జాగ్రత్తలు. బెట్టకి ఓర్చే రకం తెగులుకీ ఓర్చాలని లేదు. టీఎంవీ-2కి తోడు కావాలన్న మాట అప్పుడే గట్టిగా వినిపించింది.

రైతే పరీక్షాధికారి!

2002 ప్రాంతంలో ఓ కొత్త ప్రయత్నం మొదలైంది. హైదరాబాద్‌ దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్‌ సంస్థ, అనంతపురంలో పనిచేస్తున్న ఆక్షన్‌ ఫ్రాటెర్నా లాంటి సంస్థలతో కలిసి కొన్ని కొత్త రకాల్ని నేరుగా పల్లెలకి తీసుకొచ్చింది. ‘ఇది మంచి రకం, వేసుకోండి’ అనలేదు. ‘మీ పొలంలో, మీ పద్ధతిలో వేయండి. మీకు నచ్చిందేదో చెప్పండి’ అంది. రైతులు టీఎంవీ-2 పక్కనే వాటినీ వేసి చూశారు. కోత వేళ మొక్కలు పీకి కాయలు లెక్కపెట్టారు, ఒలిచి గింజ చూశారు, నోట్లో వేసుకుని రుచి చూశారు. వాళ్లు ఎంచుకున్నది ఐసీజీవీ 91114. 2006లో అది అధికారికంగా విడుదలైంది.

దాని గొప్పేంటంటే తొందర. తొంభై, తొంభై అయిదు రోజుల్లో పంట అయిపోతుంది. చివరి బెట్ట వచ్చేలోపే గింజ గట్టిపడుతుంది. కాయలన్నీ దాదాపు ఒకేసారి పక్వానికొస్తాయి. తర్వాత అనంతపురంలో జరిపిన అధ్యయనంలో టీఎంవీ-2 కన్నా దిగుబడి సుమారు 23 శాతం ఎక్కువని లెక్కతేలింది. దానికంటే ముఖ్యమైన అంకె మరొకటుంది. ఏడాదికీ ఏడాదికీ మధ్య దిగుబడిలో హెచ్చుతగ్గులు దాదాపు 30 శాతం తగ్గాయి. కరవు సీమలో బతికే కుటుంబానికి ఈ రెండో అంకే పెద్దది. పిల్లాడి ఫీజు, కూతురి పెళ్లి, బ్యాంకు వాయిదా... ఇవేవీ ‘ఈ ఏడు పంట సగమే వచ్చింది కదా’ అని ఆగవు.

మరో విశేషం- కట్టె! కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు మొక్కని ఇక్కడ ‘చెనక్కట్టె’ అంటారు. వామి వేసి ఏడాదంతా పశువులకి పెడతారు. గడ్డి మొలవని వేసవిలో ఆ వామే ఇంటికి ధైర్యం. కాయ రాకపోయినా కట్టె వస్తే ఎద్దులు, ఆవులు అమ్ముకోకుండా నెగ్గుకురావచ్చు. కొత్త రకం ఆకు చివరిదాకా పచ్చగా నిలిచింది, కట్టె పశువులు ఇష్టంగా తిన్నాయి. ఆ కట్టె పెట్టిన పాడిపశువుల్లో పాలు సుమారు పదోవంతు పెరిగినట్టు జిల్లాలో చేసిన పరీక్షల్లో తేలింది. విత్తనాన్ని కాయల బరువుతోనే తూచే మనకి ఈ సంగతి ఎక్కడ తట్టేది? ఇంట్లో పాలు పితికే ఆడవాళ్లకి తెలుస్తుంది.

కదిరి ఇంటిపేరు

వేరుసెనగ రకాల పేర్లు చదవడం ఓ సరదా. ముందున్న అక్షరాలు వాటి ఇంటిపేర్లు. టీఎంవీ అంటే తిండివనం, జేఎల్‌ అంటే జల్‌గావ్‌, ఐసీజీవీ అంటే ఇక్రిశాట్‌. ‘కే’ అని ఉంటే అది మన కదిరి బిడ్డ! ఆచార్య ఎన్‌.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకాలవి. అంకెలతో పాటు ముద్దుపేర్లూ ఉన్నాయి. కే-134కి ‘వేమన’ అని పేరు పెట్టారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరికి దగ్గర్లోనే ఉంది మరి. చిత్రావతి, లేపాక్షి... ఇవన్నీ ఈ నేల పేర్లే.

వాటిలో ఇంటింటికీ చేరినది కదిరి-6. తల్లిదండ్రుల్లో ఒకటి జేఎల్‌-24. టీఎంవీ-2 లాగే గుత్తిరకం, దాదాపు అంతే పంటకాలం. గింజ మాత్రం కాస్త నిండుగా, ఒకే తీరుగా ఉంటుంది. వ్యాపారులకి నచ్చింది. 2010 తర్వాత రాయితీ విత్తనమంటే చాలా ఊళ్లలో కే-6 అనే అర్థం. 2020లో వచ్చిన ‘కదిరి లేపాక్షి’ (కే-1812) మరో సంచలనం. మొక్కకి కాపు ఎక్కువ, బెట్టకీ ఆకుమచ్చకీ ఓర్చుకుంటుంది అన్న మాట ఊరూరా పాకింది. విత్తనం కోసం రైతులు ఎగబడ్డారు.

అయితే లేపాక్షికి ఓ షరతుంది. అది నూట పది నుంచి నూట ఇరవై రోజుల దాకా నేలలో ఉంటుంది. జులై మొదట్లోనే విత్తి, అక్టోబరు వాన కలిసొస్తే దాని ప్రతాపం చూడాల్సిందే. అదే విత్తనం ఆగస్టులో నేలలో పడితే గింజ గట్టిపడే వేళకి నవంబరు దగ్గరపడుతుంది. ఈశాన్య వాన కరుణిస్తే సరి, లేదంటే పచ్చని మొక్క కింద లొట్టకాయలు మిగలొచ్చు. విత్తనంలో దోషం లేదు, రైతులోనూ లేదు. పంటకాలానికీ వానకాలానికీ పొత్తు కుదరలేదంతే.

ఒకే గింజ... రెండు ముఖాలు

అదే కే-6ని బోరు కింద రబీలో వేసి చూడండి. సమయానికి తడి, చల్లని రాత్రులు, తెగుళ్ల బాధ తక్కువ. మొక్క గుబురుగా పెరుగుతుంది, కాయ నిండుతుంది, గింజ నున్నగా మెరుస్తుంది. దాన్నే ఖరీఫ్‌లో గరప నేలలో వర్షం మీద ఆధారపడి వేస్తే మొక్క మోకాలి ఎత్తుకి కూడా రాకపోవచ్చు. కాయలు తక్కువ, గింజ సన్నం. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకే తల్లి బిడ్డలంటే నమ్మడం కష్టం. ఇక్కడ రబీలో నీళ్లు పెట్టి తీసిన దిగుబడి చూసి, ఖరీఫ్‌లో వర్షాధారంగా విత్తేవాళ్లు మోసపోయేది అందుకే.

నేల కూడా తన ముద్ర వేస్తుంది. ఎర్రని ఇసుక నేలలో కాయ శుభ్రంగా ఊడివస్తుంది. నల్లరేగడిలో పీకేటప్పుడు నేల ఆరిపోయి ఉంటే సగం కాయలు మట్టిలోనే తెగిపోతాయి. సున్నం తక్కువైన నేలలో పొట్టు పెద్దది, పప్పు చిన్నది అవుతుంది. అందుకే ఊడలు దిగే దశలో ఎకరాకి రెండు వందల కిలోల జిప్సం వేయమంటారు.

చివరి బెట్ట తెచ్చే మరో ముప్పు కంటికి కనిపించదు. నేల వేడెక్కి తడి తగ్గినప్పుడు కాయలోకి ఒక రకం బూజు చేరి, అఫ్లాటాక్సిన్‌ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి చేటు. ఎగుమతి సరకులో అది పరిమితి దాటితే విదేశాలు వెనక్కి పంపేస్తాయి. తెలంగాణలో వనపర్తి ప్రాంతపు రబీ వేరుసెనగకి మంచి ధర పలకడానికి ఓ కారణం ఆ బెడద తక్కువగా ఉండటమే. అదే విత్తనం ఇక్కడి ఖరీఫ్‌ బెట్టలో పండితే ఆ భరోసా తగ్గుతుంది. తొందరగా పండే రకానికి ఇక్కడ విలువ పెరగడానికి ఇదీ ఓ కారణం.

కొత్తది ఊరు దాటాలంటే...

‘మరి ఇంత మంచి రకాలుంటే అందరూ వెంటనే వేసుకోవచ్చుగా?’ అనిపిస్తుంది. వరికో, సజ్జకో అయితే సాధ్యమే. కిలో సజ్జ విత్తనం నుంచి వందల కిలోలు వస్తాయి. వేరుసెనగలో గింజ పెద్దది, పెరిగే లెక్క చిన్నది. కిలో విత్తితే మహా అయితే ఎనిమిది, పది కిలోలు. పైగా కరవొస్తే ఆ మొత్తమూ తినడానికో అమ్ముకోవడానికో పోతుంది. ఒక కొత్త రకం పది ఎకరాల నుంచి పది వేల ఎకరాలకి చేరాలంటే ఏళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క కరవు చాలు- మళ్లీ మొదటికి రావడానికి. పాత టీఎంవీ-2 అన్నేళ్లు నిలవడం వెనక దాని గుణంతో పాటు ఈ లెక్కా ఉంది. బజార్లో ఎప్పుడంటే అప్పుడు దొరికే విత్తనం అదే కాబట్టి!

అందుకే ఇంట్లో విత్తనం కట్టుకునే అలవాటు పోగొట్టుకోకూడదంటారు పెద్దవాళ్లు. రబీలో అరెకరం తడి కింద మంచి రకం వేసుకుంటే మరుసటి ఖరీఫ్‌కి రెండు, మూడు ఎకరాల విత్తనం ఇంట్లోనే ఉంటుంది. అప్పు చేసి కొనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, వాన పడ్డ రోజే విత్తొచ్చు. ఇక్కడ ఒక్కరోజు ఆలస్యమైతే నేలలో పదును ఆరిపోతుంది.

ఈ ఏటికి ఏ రకం?

మళ్లీ అరుగు మీది ప్రశ్నకే వద్దాం. ఎనభై ఏళ్ల అనుభవం చెబుతున్నదేంటి? అన్ని ఏళ్లకీ పనికొచ్చే ఒక్క రకం అంటూ ఈ నేల మీద లేదు. వాన తొందరగా వచ్చిందా... లోతైన నేలలో లేపాక్షి లాంటి నిదానపు రకం వేయొచ్చు. జులై సగం దాటిందా... నూరు రోజుల రకాలు మేలు. ఇంకా ఆలస్యమైతే తొంభై రోజుల రకాన్ని వెతుక్కోవాలి, లేదా వేరుసెనగ మాటే మానుకుని ఉలవకో, కొర్రకో మళ్లాలి. పొలమంతా ఒకే రకం వేయకుండా రెండు రకాలు పంచుకుంటే ఒకటి పోయినా ఇంకొకటి ఆదుకుంటుంది. ఏడు సాళ్లకో, పదకొండు సాళ్లకో ఒక సాలు కంది కలిపితే వేరుసెనగ పీకేశాక పడే చివరి వానలు కందికి అక్కరకొస్తాయి. నీటికుంటలో నాలుగు చినుకులు దాచుకుంటే గింజ గట్టిపడే వేళ ఒక్క తడి ఇవ్వొచ్చు. ఆ ఒక్క తడే ఒక్కోసారి లొట్టకాయకీ నిండుకాయకీ మధ్య తేడా.

ఇటీవలి సంవత్సరాల్లో ఇక్కడ వేరుసెనగ విస్తీర్ణం బాగా తగ్గింది. కంది, ఆముదం, పత్తి, మొక్కజొన్న, నీళ్లున్నచోట పండ్లతోటలు ఆ జాగాలోకి వస్తున్నాయి. వరసగా నష్టపోయిన రైతుని ‘అదే వెయ్యి’ అనడం అన్యాయం. అప్పుల పాలై ఈ జిల్లా ఎన్ని కుటుంబాల పెద్దల్ని పోగొట్టుకుందో మనకి తెలుసు. కానీ మిగిలినవాళ్లు వేసే ప్రతి ఎకరాకీ తగిన విత్తనం, తగిన రోజున అందడం మాత్రం తప్పనిసరి. సంచి మీద దిగుబడి అంకె పక్కనే ‘ఎన్ని రోజుల పంట, ఏ తేదీలోపు విత్తాలి’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటే చాలామంది నష్టం తగ్గుతుంది. ఖర్చులేని పని అది!

ఈసారి మీ ఇంట్లో ఊరుబిండి నూరుతున్నప్పుడో, సాయంత్రం పిల్లలకి ఉడకబెట్టిన కాయలు పెడుతున్నప్పుడో ఒక్క కాయ ఒలిచి చూడండి. నిండుగా రెండు గింజలున్నాయంటే... ఎక్కడో ఓ ఎర్రనేల చేలో సరైన గింజ, సరైన వాన, ఓ మనిషి ఓపిక- మూడూ కలిశాయని అర్థం.

కాయ చెప్పే కబుర్లు

- పచ్చికాయని చెవి దగ్గర ఆడిస్తే చప్పుడు రాదు. ఎండిన కాయ గలగలమంటే లోపల గింజ ఆరిందని గుర్తు. ఎండినా చప్పుడే లేకపోతే, నొక్కగానే లోపలికి పోతే అది లొట్ట.

- కాయ పక్వానికొచ్చిందో లేదో తెలియాలంటే ఒలిచి పొట్టు లోపలి వైపు చూడాలి. ముదిరిన కాయకి లోపల గోధుమ, నలుపు మచ్చలుంటాయి. తెల్లగా ఉంటే ఇంకా లేతదే. చేలో అక్కడక్కడా మొక్కలు పీకి ఎక్కువ కాయలు ఇలా నల్లబడ్డాకే రైతు కోత మొదలెడతాడు.

- గుత్తిరకాల గింజకి నిద్ర ఉండదు. కోతవేళ వానపడి చేలోనే ఉంటే మొలకెత్తేస్తుంది. బజార్లో కొన్న పప్పులో మొలక జాడ కనిపించేది అందుకే.

- రంగు మారినవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి మొహమాటం లేకుండా ఏరి పారేయాలి. ‘వేయిస్తే పోతుందిలే’ అనుకోకూడదు. అఫ్లాటాక్సిన్‌ వంట వేడికి పూర్తిగా పోదు.

- విత్తనానికైతే కాయల్ని బాగా ఎండబెట్టి పొట్టుతోనే నిల్వచేయాలి. విత్తే ముందు మాత్రమే ఒలవాలి. ముందే ఒలిచిన గింజ మొలకశక్తి తొందరగా పోగొట్టుకుంటుంది.